బిడియం ఉన్నవారు వృత్తిలో పరిచయాలనూ పేరునూ పెంచుకోవడం ఎలా: సాంకేతికత తోడుగా ఒక సమగ్ర మార్గదర్శి

పని బాగా వచ్చి కూడా ఆ పని గురించి పది మందిలో చెప్పుకోలేకపోవడం చాలామంది నిపుణులకు ఉన్న ఇబ్బంది. నాకూ ఉంది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఒక సదస్సుకు వెళ్లి, విరామ సమయమంతా గోడకు అంటించిన కార్యక్రమ పట్టికను చదువుతూ నిలబడిపోయాను. ఎవరితో మాట్లాడాలని వెళ్లానో ఆ వ్యక్తి నా పక్కనుంచే నడిచి వెళ్తున్నా పలకరించలేక తిరిగి వచ్చేశాను. మర్నాడు అదే వ్యక్తికి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాస్తే సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. మనిషి ఒకరే, నేను చెప్పదలచుకున్నదీ ఒకటే. మారిందల్లా మాటలు వెతుక్కోవడానికి నాకు దొరికిన వ్యవధి. బిడియం ఉన్నవారికి సాంకేతికత చేసే అసలు మేలు ఆ వ్యవధిని ఇవ్వడమేనని నా నమ్మకం. కింద చెప్పిన అడుగులన్నీ ఆ వ్యవధిని ఎలా సంపాదించాలి, దాన్ని దాక్కోవడానికి కాకుండా మాట కలపడానికి ఎలా వాడుకోవాలి అన్న దాని గురించే.

మొదటి అడుగు: మీ ఇబ్బంది ఏదో తేల్చుకోండి

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యుంగ్ 1921లో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను ప్రతిపాదించిన తరువాత చాలామంది అంతర్ముఖత్వాన్నీ బిడియాన్నీ ఒకటిగా చూడటం మొదలుపెట్టారు. అంతర్ముఖులకు ఏకాంతం హాయిగా ఉంటుంది, జనంలో ఎక్కువసేపు గడిపితే అలసట వస్తుంది. బిడియం ఉన్నవారి సంగతి వేరు. వారికి మాట్లాడాలనే ఉంటుంది, మాట గొంతు దాటదు.

ఆ ఇబ్బందిలోనూ మూడు రకాలున్నాయి, మూడింటికీ మన భాషలో వేర్వేరు మాటలే ఉన్నాయి. కొత్తవారిని చూస్తే వచ్చేది బెరుకు. తన గురించి తాను చెప్పుకోవలసి వచ్చినప్పుడు అడ్డుపడేది బిడియం. తెలిసినవారిని సాయం అడగడానికీ, ఫీజు ఇంత అని చెప్పడానికీ, కుదరదు అనడానికీ నోరు రాకపోవడం మొహమాటం. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మూడింటికీ పనికివచ్చే సాధనాలు ఒకటి కావు. బెరుకుకు మందు ముందస్తు సన్నాహం; బిడియానికి మందు మన బదులు మన పని మాట్లాడేలా చేయడం; మొహమాటానికి మందు నోటితో చెప్పవలసిన దాన్ని ముందే రాసిపెట్టిన పద్ధతికి అప్పగించడం.

ఒక కాగితం తీసుకుని, గత 3 నెలల్లో మీరు చేజార్చుకున్న సందర్భాలను అయిదారు రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా బెరుకు, బిడియం, మొహమాటం అన్న మూడింటిలో ఏది అడ్డుపడిందో గుర్తు పెట్టండి. ఏ మాట ఎక్కువసార్లు వస్తే దానికి సంబంధించిన అడుగుకు ఎక్కువ సమయం ఇవ్వండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టవలసిన పని లేదు.

రెండవ అడుగు: మీకన్నా ముందు మీ ప్రొఫైల్ మాట్లాడేలా చేయండి

ఎవరైనా మీ సందేశం అందుకోగానే చేసే మొదటి పని మీ పేరును వెతకడం. అక్కడ కనిపించే పుట సరిగ్గా ఉంటే, ఎదురుపడినప్పుడు మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే భారం సగం తగ్గుతుంది. 2003 మేలో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన లింక్డ్‌ఇన్ ఇప్పటికీ వృత్తి పరిచయాలకు ఎక్కువమంది వాడే వేదిక కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. పేరు కింద వచ్చే శీర్షికకు 220 అక్షరాలు, మీ గురించి రాసే భాగానికి 2,600 అక్షరాలు ఇస్తారు. శీర్షికలో చాలామంది ఇలా రాస్తారు: "అకౌంటెంట్, కష్టపడే తత్వం, ఫలితాలపై దృష్టి." ఇందులో చదివేవారికి పనికివచ్చేది ఒక్కటీ లేదు, పైగా ఇలా రాసుకోవడానికి మనకే ఇబ్బందిగా ఉంటుంది. దానికి బదులు ఇలా రాసి చూడండి: "చిన్న ఎగుమతి సంస్థల నెలవారీ లెక్కలను, నెల ముగిసిన 5 రోజుల్లో సిద్ధం చేస్తాను." ఇందులో గొప్పలు లేవు, ఎవరికి, ఏ పని, ఎంతలోపు అన్నది మాత్రమే ఉంది. విశేషణాలు తీసేసి పనిని రాస్తే బిడియానికి పట్టు దొరకదు. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం.

ప్రొఫైల్‌ను మారుస్తున్నంతసేపూ ప్రతి మార్పూ అందరికీ తెలిసిపోతుందేమో అన్న భయంతో చాలామంది అసలు ముట్టుకోరు. సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ మార్పులను పరిచయస్తులకు తెలియజేసే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ముందే ఆపేసి ప్రశాంతంగా పని చేసుకోవచ్చు. అలాగే ఇతరుల ప్రొఫైల్స్ చూసినప్పుడు మన పేరు వారికి కనిపించకుండా ఉండే ప్రైవేట్ మోడ్ కూడా ఉంది. అయితే ఉచిత ఖాతాలో ఆ మోడ్‌లో ఉన్నంతకాలం మన ప్రొఫైల్‌ను ఎవరు చూశారో మనకూ కనిపించదు. తొలిరోజుల్లో అధ్యయనం కోసం దాన్ని వాడండి, ఒకరికి సందేశం పంపాలని నిర్ణయించుకున్నాక మాత్రం తీసేయండి. మన పేరు ముందే ఒకసారి వారి కంటపడి ఉంటే సందేశం పూర్తిగా కొత్తగా అనిపించదు.

మూడవ అడుగు: కొత్తవారికన్నా ముందు పాతవారి జాబితా రాయండి

పరిచయాలు పెంచుకోవడం అనగానే అపరిచితుల గుంపు కళ్లముందు మెదులుతుంది, అక్కడే కాళ్లు ఆగిపోతాయి. నిజానికి ఎక్కువ మేలు చేసేది మధ్యస్థమైన దూరంలో ఉన్నవారు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, దగ్గరివారికి తెలిసినవన్నీ దాదాపు మనకూ తెలిసినవే కాబట్టి కొత్త సమాచారం బలహీనమైన పరిచయాల ద్వారానే ఎక్కువగా వస్తుందని వివరించారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దాదాపు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడుకరుల మీద 5 సంవత్సరాలపాటు జరిగిన ప్రయోగాలను విశ్లేషించి, ఉద్యోగం మారడంలో ఓ మోస్తరు బలహీనమైన పరిచయాలే అన్నిటికన్నా ఎక్కువ తోడ్పడ్డాయని తేల్చింది. అంటే ఒకప్పటి సహోద్యోగి, రెండేళ్ల క్రితం ఒక పనిలో కలిసిన వ్యక్తి, కలిసి శిక్షణ తీసుకున్నవారు. వీరెవరూ మీకు పూర్తిగా కొత్త కాదు.

చాలాకాలం మాట్లాడకుండా ఉండి ఇప్పుడు పలకరిస్తే ఏమనుకుంటారో అన్న సందేహం సహజం. దీని మీద పరిశోధకురాలు పెగ్గీ లియూ బృందం చేసిన వరుస ప్రయోగాల ఫలితాలు కూడా 2022లోనే వెలువడ్డాయి. తాము పలకరిస్తే ఎదుటివారు ఎంత సంతోషిస్తారో పలకరించేవారు తక్కువగా అంచనా వేస్తున్నారనీ, ఆ పలకరింపు ఎంత అనుకోకుండా వస్తే అందుకున్నవారికి అంత ఆనందం కలుగుతోందనీ అందులో తేలింది. సందేశం పంపే ముందు చేయి ఆగినప్పుడల్లా నేను ఈ మాటే గుర్తుచేసుకుంటాను.

ఈ జాబితాకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. గూగుల్ షీట్స్ చాలు; నోషన్, ఎయిర్‌టేబుల్ అలవాటున్నవారు వాటిలో పెట్టుకోవచ్చు; వివరాలు తమ సొంత సర్వర్‌లోనే ఉండాలనుకునేవారికి మోనికా అనే ఓపెన్ సోర్స్ సాధనం (ఎవరైనా కోడ్ తీసుకుని వాడుకోగలిగేది) ఉంది. ముఖ్యం గడులు. నా పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది: "పాత సహోద్యోగి. ఇప్పుడు నౌకా రవాణా సంస్థలో కొనుగోళ్ల విభాగం. చివరిసారి మాట్లాడి 14 నెలలు. అప్పుడు కొత్త సరఫరాదారులను మదింపు చేయడం కష్టంగా ఉందన్నారు. నేను ఇవ్వగలిగింది: మేము వాడే మదింపు పట్టిక. రాయవలసిన రోజు: వచ్చే మంగళవారం." చివరి రెండు గడులే ప్రాణం. "నేను ఇవ్వగలిగింది" అన్న గడి నిండితే ఏం రాయాలో వెతుక్కోనక్కరలేదు, తేదీ ఉంటే వాయిదా వేయడానికి వీలుండదు. ఆ తేదీని క్యాలెండర్‌లో కూడా పెట్టుకుని గుర్తుచేయమనండి. మొదటి జాబితాలో 20 పేర్లకు మించి రాయవద్దు.

నాలుగవ అడుగు: మొదటి సందేశం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బెరుకున్నవారు రాసే సందేశాలలో ఆ బెరుకే ముందు కనిపిస్తుంది. తరచుగా కనిపించే నమూనా ఇది:

"నమస్కారం. మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు క్షమించండి. మీతో పరిచయం చేసుకోవాలని ఉంది. మీకు వీలైతే ఎప్పుడైనా ఒకసారి మాట్లాడగలరా?"

ఇందులో వినయం ఉంది, కానీ చదివినవారు ఏం చేయాలో తెలియదు. ఎందుకు మాట్లాడాలి, ఎంతసేపు, దేని గురించి అన్నదంతా వారే ఊహించుకోవాలి. మన మొహమాటం కాస్తా వారి నెత్తిన భారమవుతుంది. అదే సందేశాన్ని ఇలా రాయవచ్చు:

"నమస్కారమండీ. గిడ్డంగుల్లో సరుకు లెక్క ఎందుకు తప్పుతుందో వివరిస్తూ మీరు గత వారం చేసిన ప్రసంగం విన్నాను. పాత నిల్వకూ కొత్త నిల్వకూ వేర్వేరు బార్‌కోడ్‌లు పెట్టమన్న సూచన మాకు బాగా పనికివచ్చింది. కొనుగోలుదారులు వాపసు పంపిన సరుకును మీరు ఏ నిల్వ కింద చూపిస్తారు? ఒక్క వాక్యంలో చెప్పినా చాలు."

ఒక నిర్దిష్టమైన ప్రస్తావన, దానివల్ల జరిగిన మేలు, ఒకే ఒక్క ప్రశ్న, జవాబు ఎంత చిన్నదైనా ఫరవాలేదన్న భరోసా. అంతకుమించి మొదటి సందేశంలో ఏమీ ఉండనక్కరలేదు. తన పనిని శ్రద్ధగా విన్నవారు అడిగిన ప్రశ్నకు జవాబు రాయడం ఎవరికైనా ఇష్టమే.

ఇక పంపడం. మీట నొక్కే క్షణమే కష్టమైనది కాబట్టి దాన్ని రెండుగా విడదీయండి. సందేశాన్ని రాత్రి రాసి, మరుసటి రోజు ఉదయం 9 గంటలకు వెళ్లేలా పెట్టి పడుకోండి; జీమెయిల్‌లో ఈ సదుపాయం 2019 ఏప్రిల్ నుంచి ఉంది, మిగతా ఈమెయిల్ సేవల్లోనూ ఇప్పుడు సాధారణమే. పంపిన సందేశాన్ని వెనక్కి తీసుకునే వ్యవధి జీమెయిల్‌లో మొదట 5 సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లో దాన్ని 30 సెకన్లకు పెంచుకోండి. నేను ఆ 30 సెకన్లను వాడుకున్నది చాలా తక్కువసార్లు, కానీ అవి ఉన్నాయన్న ధైర్యంతో పంపిన సందేశాలు ఎన్నో.

చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనాలు 2022 నవంబర్ చివరినుంచి అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వాటిచేత సందేశం రాయించుకోవడం బెరుకున్నవారికి పెద్ద ఆకర్షణ. నా సలహా, వాటిని రచయితగా కాక సాధన చేయించే తోడుగా వాడుకోమని. "నువ్వు కొనుగోళ్ల విభాగం అధిపతివి, నా సందేశం చదివి నీకు వచ్చే సందేహాలు అడుగు" అని చెప్పి, వచ్చిన ప్రశ్నలను బట్టి మీ సందేశాన్ని మీరే సవరించుకోండి. పూర్తిగా ఆ సాధనమే రాసిన సందేశంలో మన గొంతు ఉండదు. సాధనం గొంతు నచ్చి మాట్లాడటానికి వచ్చినవారికి ఎదురుపడినప్పుడు వేరే మనిషి కనిపిస్తారు, అప్పుడు బెరుకు రెట్టింపవుతుంది. ఒకరి వ్యక్తిగత వివరాలను, వ్యాపార రహస్యాలను ఈ సాధనాలలో అతికించవద్దు.

జవాబు రాకపోతే 10 రోజుల తరువాత ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. ఆపైన వదిలేయండి. జవాబు రాకపోవడం తిరస్కారం కాదు, చాలాసార్లు అది నిండిపోయిన ఇన్‌బాక్స్ మాత్రమే.

ఐదవ అడుగు: మాట్లాడే సమయం, వీడియో సమావేశం

"మీకెప్పుడు వీలవుతుంది", "మీ ఇష్టం", "కాదు మీరే చెప్పండి" అని సాగే మొహమాటాల వరుసను సమయ నిర్ణయ సాధనాలు తెంచేస్తాయి. 2013లో మొదలైన క్యాలెండ్లీ, ఆ తరువాత వచ్చిన క్యాల్.కామ్ ఇటువంటివే. మీకు శక్తి ఉండే వేళలను మాత్రమే తెరిచి ఉంచండి, ఒక్కొక్క సమావేశం 20 నిమిషాలకు పరిమితం చేయండి, రెండింటి మధ్య 30 నిమిషాల విరామం తప్పనిసరిగా పెట్టండి, రోజుకు రెండుకు మించకుండా హద్దు పెట్టండి. కుదరదని చెప్పవలసిన పని క్యాలెండరే చూసుకుంటుంది. అయితే లింకు ఒక్కటే విసిరేసినట్టు పంపితే పెద్దవారికి అమర్యాదగా తోచవచ్చు. "మీకు అనువైన సమయం రాసినా సరే, లేదా ఈ లింకులో ఎంచుకున్నా సరే" అని రెండు దారులూ ఇవ్వండి.

వీడియో సమావేశాల్లో అలసట ఎందుకు వస్తుందో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. అతి దగ్గరగా నిరంతరం చూస్తూ ఉండే కళ్లు, అద్దంలో చూసుకున్నట్టు మన ముఖమే మనకు కనిపిస్తూ ఉండటం ఆయన చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. బిడియం ఉన్నవారికి ఈ రెండవది మరీ కష్టం. జూమ్‌లో మీ చిత్రం మీకు మాత్రం కనిపించకుండా దాచుకునే ఏర్పాటు ఉంది. కెమెరా సరిచూసుకున్న వెంటనే దాన్ని వాడండి. తెరపై వీడియో కిటికీని చిన్నది చేస్తే ఎదుటివారి ముఖం మీద పడుతున్నట్టు ఉండదు. చెప్పదలచుకున్న మూడు విషయాలను కెమెరా పక్కనే చీటీ మీద రాసి అంటించుకోండి. ప్రత్యక్షంగా మాట్లాడటం ఇంకా కష్టంగా ఉంటే, లూమ్ వంటి సాధనంతో మూడు నిమిషాల వీడియో రికార్డు చేసి పంపవచ్చు; బాగా రాలేదనిపిస్తే చెరిపి మళ్లీ చేసుకోవచ్చు.

ఆరవ అడుగు: సదస్సుకు ముందు, తరువాత

సదస్సులో బెరుకు తగ్గాలంటే సదస్సు పది రోజుల ముందే మొదలవ్వాలి. చాలా సదస్సులకు సొంత యాప్ ఉంటుంది, అందులో వక్తల, హాజరయ్యేవారి జాబితా దొరుకుతుంది. ముగ్గురిని ఎంచుకుని నాలుగవ అడుగులో చెప్పిన రీతిలో రాయండి. "రెండో రోజు ఉదయం విరామంలో నమోదు బల్ల దగ్గర ఉంటాను" అని చోటుతో సహా చెప్పండి. అప్పుడు మీరు వెళ్లేది అపరిచితుల గుంపులోకి కాదు, ముందే మాట కలిసిన ముగ్గురి దగ్గరకు.

మీ పరిచయ వివరాలను క్యూఆర్ కోడ్‌గా ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోండి. జపాన్‌కు చెందిన డెన్సో సంస్థ 1994లో కారు విడిభాగాల లెక్క కోసం తయారుచేసిన ఈ గుర్తు ఇక్కడ మరో మేలు చేస్తుంది: సంభాషణను మర్యాదగా ముగించడానికి ఒక సాకు ఇస్తుంది. "మీ వివరాలు తీసుకుంటాను, మిగతాది రాస్తాను" అని చెప్పి కదలవచ్చు. ఎలా మొదలుపెట్టాలన్న దానికన్నా ఎలా ముగించాలన్న దిగులే చాలామందిని గోడ దగ్గర నిలబెడుతుందని నా అనుభవం.

బయటకు రాగానే ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలు చెప్పి దాచుకోండి. 48 గంటల్లోపు వారికి రాయండి.

అక్కడ తడబడిన మాటలు రాత్రంతా గుర్తొచ్చే అలవాటు ఉన్నవారు రెండు పరిశోధనల గురించి తెలుసుకోవాలి. 2000లో థామస్ గిలోవిచ్ బృందం, ఇబ్బంది కలిగించే టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులను, ఎంతమంది దాన్ని గమనించి ఉంటారని అడిగింది. వారు దాదాపు సగం మంది అనుకున్నారు, నిజంగా గమనించింది అందులో సగమే. 2018లో ఎరికా బూత్‌బీ బృందం, తొలి సంభాషణ తరువాత ఎదుటివారికి మనం ఎంత నచ్చామో మనమే తక్కువగా అంచనా వేసుకుంటామని చూపింది.

ఏడవ అడుగు: గొప్పలు చెప్పుకోకుండా మార్కెటింగ్

మార్కెటింగ్ అంటే తనను తాను పొగడుకోవడం అనుకున్నంతకాలం బిడియం వదలదు. దాన్ని ఇలా మార్చి చూడండి: మిమ్మల్ని ఒకరు అడిగిన ప్రశ్నకు మీరిచ్చిన జవాబును, అదే ప్రశ్న ఉన్న మరో వందమందికి దొరికే చోట పెట్టడం. పంపిన ఈమెయిల్స్ తెరిచి, గత సంవత్సరంలో ఎవరికైనా పొడవుగా వివరించిన జవాబులు వెతకండి. కనీసం పది దొరుకుతాయి. పేర్లు, రహస్యాలు తీసేసి ఒక్కొక్కదాన్ని ఒక పోస్టుగా, మీ వెబ్‌సైట్‌లో ఒక పుటగా పెట్టండి. ప్రశ్ననే శీర్షికగా పెడితే, వెతికేవారు అవే మాటలతో వెతుకుతారు కాబట్టి మీ పుట వారికి దొరికే అవకాశం ఎక్కువ. నాలుగు వారాల పోస్టులను ఒకే రోజు రాసి, వాటంతట అవే ప్రచురితమయ్యేలా పెట్టుకుంటే "ఇప్పుడు నన్ను అందరూ చూస్తారు" అన్న క్షణం రోజూ ఎదురవదు. సొంత పోస్టుకు ధైర్యం చాలకపోతే మొదటి నెలంతా ఇతరుల పోస్టుల కింద ఉపయోగపడే వ్యాఖ్యలు మాత్రమే రాయండి.

ఈమెయిల్ లేఖ బిడియస్తులకు బాగా నప్పే మాధ్యమం, ఎందుకంటే తమంతట తాము కోరుకున్నవారే దాన్ని అందుకుంటారు. సమ్మతి లేని చిరునామాలను చేర్చవద్దు. వద్దనుకునేవారు ఒక్క నొక్కుతో వైదొలగే లింకు ఉంచండి. ఎంతమంది తెరిచారన్న అంకెను పట్టించుకోకండి. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యతా రక్షణ తరువాత ఆ అంకె నమ్మదగినది కాదు. ఎంతమంది తిరిగి జవాబు రాశారన్నదే చూడండి.

మొహమాటం ఎక్కువగా పట్టేది రెండు చోట్ల: ఫీజు చెప్పడంలో, మంచి మాట రాసిమ్మని అడగడంలో. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, కానీ అడిగే పనిని పద్ధతికి అప్పగించవచ్చు. ఫీజుల పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టి, విచారణకు వచ్చినవారికి ఆ లింకు పంపండి. పని పూర్తయిన 7 రోజులకు మూడు ప్రశ్నల ఫారం వెళ్లేలా ఏర్పాటు చేయండి: మొదట ఏ సమస్య ఉండేది, ఇప్పుడు ఏం మారింది, ఈ మాటలను మీ పేరుతో ప్రచురించవచ్చా. అందరికీ వెళ్లే ఫారం కాబట్టి అడుగుతున్నామన్న ఇబ్బంది మనకుండదు, అడిగారన్న ఒత్తిడి వారికీ ఉండదు.

ఎనిమిదవ అడుగు: ఏది లెక్కపెట్టాలి

ఈ సాధనాలతో ఒక ప్రమాదం ఉంది. పట్టికకు రంగులు వేయడం, ప్రొఫైల్‌ను పదే పదే దిద్దడం, కొత్త యాప్ నేర్చుకోవడం, ఇవన్నీ పని చేస్తున్నట్టే అనిపిస్తాయి. నేను ఒక ఏడాదిలో మూడు సాధనాలు మార్చాను. ఆ ఏడాది కొత్తగా మాట్లాడినవారు నలుగురే. అందుకే ఇప్పుడు ఒక్క అంకెనే చూస్తాను: ఈ వారం ఎంతమందితో ఇరువైపులా మాట సాగింది. సందేశం పంపడం లెక్కలోకి రాదు, జవాబు వచ్చి దానికి నేను మళ్లీ రాసినప్పుడే ఒకటి. వారానికి రెండు చాలు. వరుసగా మూడు వారాలు సున్నా వస్తే ఆ నెల ఏ సాధనాన్నీ ముట్టుకోకుండా జాబితాలోని ఒకరికి నేరుగా ఫోన్ చేస్తాను.

గుండె దడ, నిద్రలేమి, పనికి వెళ్లలేకపోవడం వరకూ భయం వస్తుంటే అది ఈ అడుగులతో తీరేది కాదు. సామాజిక ఆందోళనకు చికిత్స ఉంది; ఆలోచనల తీరును, ప్రవర్తనను కలిపి మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుందని రుజువైంది, మానసిక వైద్య నిపుణులను కలవడానికి వెనుకాడవద్దు.

మిగతావారు వారంలో ఒక నిర్ణీత రోజున 45 నిమిషాలను క్యాలెండర్‌లో కేటాయించండి. మొదటి 10 నిమిషాలు వచ్చిన జవాబులకు, తరువాతి 25 నిమిషాలు రెండు కొత్త సందేశాలకు, చివరి 10 నిమిషాలు పట్టికలో తేదీలు మార్చడానికి. మొదటి వారం సందేశం ఎవరికి రాయాలో తోచకపోతే, గతంలో మీకు పని నేర్పిన ఒకరికి, వారు నేర్పిన ఏ విషయాన్ని ఇప్పటికీ వాడుతున్నారో మూడు వాక్యాల్లో రాసి, రేపు ఉదయం 9 గంటలకు వెళ్లేలా పెట్టండి.